తాడు మీద బొటనవేలు

పడవను ఇసుక మీదికి దింపగానే ఆమె చేసిన మొదటి పని, దాని అంచు వెంబడి కట్టి ఉన్న తాడును బొటనవేలితో రుద్దుకుంటూ ముందు కొస నుంచి వెనుక కొస దాకా నడవడం. సగం దూరం వెళ్ళి ఆగింది. అక్కడే మరొకసారి రుద్దింది. తరువాత మా మేనల్లుడి వైపు తిరిగి, “ఈ తాడు మార్చనిదే ఈ పడవ నీళ్ళలోకి దిగదు” అని, ఇక చెప్పవలసినది ఏమీ లేనట్టు ఫ్లాస్కు మూత తీసి టీ పోసుకున్నది.

అది 2023 మే నెల. వేల్స్ దేశపు వాయవ్య కొసన, ఆంగ్లసీ ద్వీపానికి అంటుకుని ఉన్న మరో చిన్న ద్వీపంలో, ట్రెయార్దర్ అనే అఖాతం ఒడ్డు. మా మేనల్లుడు దగ్గరలోని బాంగర్ పట్టణంలో వైద్యుడు. అంతకు ఆరు నెలల ముందు ఎవరో అమ్మజూపిన పాత సముద్ర కయాక్‌ను చౌకగా కొన్నాడు. నాకు అరవై ఒకటి నిండాయి. భీమునిపట్నంలో పుట్టి పెరిగినవాణ్ణి, ఈత వచ్చినవాణ్ణి. “మామయ్యా, మీరు సముద్రం మనిషి గదా, ఒక్కరోజు నాతో రండి” అని వాడు పిలిస్తే కాదనలేకపోయాను. శిక్షకురాలిని మాట్లాడినదీ వాడే. నలభై కిలోమీటర్లు కారు మీద పడవ కట్టుకుని వచ్చి, ఎండ కాస్తున్న అరుదైన ఉదయాన, ఒక తాడు కోసం ఆగిపోవడం నాకు చిరాకు కలిగించింది. తాడు నాకు బాగానే కనిపించింది. కాస్త రంగు వెలిసింది, అంతే.

ఆ చిరాకుతోనే గట్టు మీద కూర్చుని సముద్రం వైపు చూశాను.

ఆంగ్లసీని అక్కడివారు తమ భాషలో ‘అనిస్ మోన్’ అంటారు. ఏడువందల చదరపు కిలోమీటర్ల పైచిలుకు విస్తీర్ణం. గొర్రెలు మేసే పచ్చిక బయళ్ళు, రాతి గోడల చేలు, నలువైపులా ఐరిష్ సముద్రం. ప్రధాన భూభాగానికీ దీనికీ నడుమ మెనాయ్ జలసంధి పారుతున్నది. పారుతున్నదనే అనాలి, ఎందుకంటే పోటు వేళ అది అచ్చంగా వరదగోదావరిలా సుడులు తిరుగుతుంది. 1826లో థామస్ టెల్ఫర్డ్ ఇనుప గొలుసులతో వంతెన వేలాడదీసేవరకు సంతకు తోలుకుపోయే పశువులను ఆ నీళ్ళలోనే ఈదించి దాటించేవారట. వంతెన దాటగానే యాభై ఎనిమిది అక్షరాల పేరు గల రైల్వేస్టేషను ఒకటి వస్తుంది. పందొమ్మిదవ శతాబ్దంలో యాత్రికుల దృష్టిని ఆకర్షించడానికి ఆ పేరును అలా సాగదీశారు. మా మేనల్లుడు దానిని తప్పులేకుండా పలకగలనని చెప్పి మూడుసార్లు పలికాడు. మూడుసార్లూ వేరువేరుగా వినిపించింది.

మన విశాఖ తీరంలో అమావాస్యకూ పౌర్ణమికీ నీరు సుమారు ఒకటిన్నర మీటరు లేస్తుంది. ఇక్కడ అదే రోజుల్లో అయిదు మీటర్ల దాకా లేచి దిగుతుంది. అంత నీరు ఆరేసి గంటలలో వచ్చి పోవలసి ఉండడం వల్ల, సముద్రంలోకి పొడుచుకు వచ్చిన ప్రతి కొండకొమ్ము దగ్గరా ప్రవాహం ఏరులా పరుగెత్తుతుంది. అఖాతానికి ఉత్తరంగా పెన్‌రిన్ మౌర్ అనే కొమ్ము వద్ద, నీటి కింది రాళ్ళ మీదుగా ఆ పరుగు తెల్లని నురుగై నిలబడుతుంది. దానికి ఆవల సౌత్ స్టాక్ దీపస్తంభం. 1809 నుంచి వెలుగుతున్నది. నాలుగువందల మెట్లు దిగితేగాని అందదు. వసంతంలో ఆ కొండచరియల నిండా వేల సముద్రపక్షులు గూళ్ళు కట్టకుండానే, వట్టి రాతి అరుగుల మీద గుడ్లు పెడతాయి. కయాక్ వేసుకుని ఆ చరియల కిందుగా పోవాలని దూరదేశాల నుంచి మనుషులు వస్తారు. మేమూ అందుకే వచ్చాము. అయితే ఆ రోజు మేము అఖాతం దాటిపోయే ప్రసక్తే లేదని ఆమె ముందే తేల్చి చెప్పింది.

ఆమెకు కూడా అరవై దాటి ఉంటాయి. తన వాహనంలో నుంచి కొత్త తాడు చుట్ట తెచ్చి మా మేనల్లుడి చేతికిచ్చింది. “మీ పడవ. మీరే కట్టండి. నేను చూస్తాను.”

కట్టడానికి గంటకు పైగా పట్టింది. ఆ గంటలో ఆమె చెప్పిన సంగతులు నేను విన్నంతవరకు ఇవి.

సముద్ర కయాక్ అయిదు మీటర్ల పొడవు, రెండడుగులకు మించని వెడల్పు గల సన్నని పడవ. పైభాగమంతా మూసి, మనిషి కూర్చునే చోట మాత్రం గుంట ఉంటుంది. ఒళ్ళంతా నున్నగా, గుండ్రంగా ఉండే ఈ పడవ తిరగబడితే నీళ్ళలో పడ్డవాడికి పట్టు దొరకదు. తడిసిన కొబ్బరికాయను పట్టుకున్నట్టే. అందుకని అంచు వెంబడి అయిదారు మిల్లీమీటర్ల మందం గల తాడు, సాగనిది, కట్టి ఉంచుతారు. దానినే డెక్కు తాడు అంటారు. నీళ్ళలో పడ్డవాడు ఎక్కడ తేలినా, చెయ్యి చాస్తే అది అందాలి. రక్షించవచ్చినవాడు పట్టుకునేదీ దానినే. సముద్రం మీద ఇద్దరు పక్కపక్కన ఆగి, ఒకరి పడవ తాడు ఒకరు పట్టుకుంటే రెండు పడవలూ కలిసి ఒక తెప్ప అవుతాయి; అప్పుడు వాటిని తిరగబడవేయడం కెరటానికి అంత సులభం కాదు.

పడవ మీద అడ్డంగా మరికొన్ని తాళ్ళు ఉంటాయి. అవి రబ్బరువి, సాగేవి. పటమో, నీళ్ళ సీసానో, అదనపు తెడ్డో వాటి కింద దోపుకుంటారు. చూడడానికి రెండూ తాళ్ళే. “ప్రమాదం అక్కడే వస్తుంది. భయపడిన చెయ్యి ఏది అందితే అది పట్టుకుంటుంది. రబ్బరు తాడు మూరెడు సాగి, చివరికి ఊడి వస్తుంది” అన్నది.

బిగువు విషయంలో ఆమెకు పట్టింపు ఎక్కువ. మరీ బిగించి కడితే చలికి కొంకర్లు పోయిన వేళ్ళు దాని కిందికి దూరవు. వదులుగా వేలాడితే మణికట్టో, పాదమో, ఒంటి మీది జాకెట్టు కొక్కెమో అందులో చిక్కి, తిరగబడ్డ పడవతో పాటు మనిషి కిందనే ఉండిపోతాడు. చేతి తొడుగుతో సహా నాలుగు వేళ్ళు ఇట్టే దూరి ఇట్టే రావాలి. మా వాడు కట్టినదానిని ఆమె రెండుసార్లు విప్పించింది. చివర వేయించినది జాలరి ముడి. అది నేను చిన్ననాడే మా పేటలో నేర్చిన ముడే కాబట్టి, ఆ ఒక్క పనికి నేను పనికివచ్చాను.

కొసలలో చేతిపిడులు ఉంటాయి, తాడుకు గుచ్చిన చిన్న కడ్డీల వంటివి. పడవ మోయడానికే గాక, ఒడ్డున విరిగే అలలలో పట్టుకోవడానికీ అవే. అలలో పడవ దొర్లుతుంది. తాడు కింద వేళ్ళు దూర్చి ఉంటే, తాడు మెలిపడి వేళ్ళను నలిపేస్తుంది; పిడిని గుప్పిట పట్టి ఉంటే అది గుప్పిటలోనే తిరుగుతుంది, వదలాలంటే వదలవచ్చు. అలాగే, అలలలో మనిషి ఎప్పుడూ పడవకు సముద్రం వైపునే ఉండాలి. పడవకూ ఒడ్డుకూ నడుమ చిక్కినవాడిని నీళ్ళు నిండిన పడవే కొట్టి పడవేస్తుంది.

“పడవ పోకుండా నడుముకు తాడు కట్టుకుంటే?” అని అడిగాను. తెలివైన ప్రశ్న వేశాననే అనుకున్నాను.

“ఎన్నడూ కట్టుకోకూడదు” అన్నదామె. “మరొక పడవను లాగేటప్పుడు నడుముకు పట్టీ వేసుకుంటాము. దానికి ఒక్క లాగుతో ఊడిపోయే కట్టు ఉంటుంది. చేత్తో పట్టుకోండి. చేత్తో పట్టుకున్నది వదలవచ్చు.”

ఈ తాళ్ళు ఇంగ్లీషువారి కల్పన కాదు. కయాక్ గ్రీన్‌లాండు, ఉత్తర అమెరికా ఉత్తర తీరాల ఇన్యూట్ జాతివారిది. సముద్రం కొట్టుకు తెచ్చిన కలపతో చట్రం కట్టి, సీల్ చర్మం తొడిగి, దాని పైన సీల్ తోలు పట్టీలు అడ్డంగా బిగించేవారు. వాటిని బిగించడానికి ఎముకతోనో దంతంతోనో చేసిన బిళ్ళలు ఉండేవి. ఈటె, బల్లెం, గాలి నింపిన చర్మపు తిత్తి అన్నీ ఆ పట్టీల కిందనే. ఒంటరిగా వేటకు పోయే మనిషికి, తిరగబడ్డప్పుడు తెడ్డు కొసను దోపి ఊతగా వాడుకోవడానికీ ఆ పట్టీలే ఆధారం. గ్రీన్‌లాండు కయాక్ సంఘంవారి జాతీయ పోటీలలో నేటికీ తాళ్ళ మీద విన్యాసం ఒక అంశం. నేల మీద తాళ్ళు కట్టి వాటిని చుట్టుకుని తిరుగుతూ, నీటిలో తలకిందులైనప్పుడు కావలసిన బలాన్నీ నిబ్బరాన్నీ అలవరచుకుంటారు. 1959లో గ్లాస్గో విద్యార్థి కెన్ టేలర్, పశ్చిమ గ్రీన్‌లాండులోని ఇల్లోర్సూట్ గ్రామంలో తనకోసం కట్టించుకున్న కయాక్‌ను స్కాట్లండుకు తెచ్చాడు. బ్రిటిషు సముద్ర కయాక్‌లు కొన్నింటికి అదే మూలరూపం. మా మేనల్లుడి పడవ కూడా చూపులకు ఆ వంశానిదే.

తెల్లవారిలో ఆ విద్యను తొలినాళ్ళలో నేర్చినవారిలో గీనో వాట్కిన్స్ ఒకడు. తలకిందులైన కయాక్‌ను కూర్చున్నచోటి నుంచే తిరిగి నిలబెట్టడం గ్రీన్‌లాండు వేటగాళ్ళ వద్దనే అభ్యసించాడు. 1932 ఆగస్టు 20న తూర్పు గ్రీన్‌లాండులో, హిమానీనదం ముందు, ఒంటరిగా సీల్ వేటకు వెళ్ళాడు. సహచరులకు ఖాళీ కయాక్ దొరికింది, మనిషి దొరకలేదు. వయస్సు ఇరవై అయిదు. ఏమి జరిగిందో చూసినవారు లేరు. పడవా మనిషీ విడిపోయారన్నది మాత్రం కనిపించింది.

మధ్యాహ్నం ఒంటిగంటకు నీళ్ళలోకి దిగాము. నీటి వేడిమి సుమారు పదకొండు డిగ్రీలు. ఒంటికి రబ్బరు దుస్తులు, పైన తేలే జాకెట్టు. మోకాలి లోతు దాటగానే, “ఇప్పుడు బోర్లా పడండి” అన్నది ఆమె, ఎంతో మర్యాదగా.

పడ్డాను. భీమునిపట్నంలో అరవై ఏళ్ళ పరిచయం గల సముద్రానికీ, ఆ సముద్రానికీ పేరొక్కటే పోలిక. ముఖానికి నీరు తగలగానే ఊపిరి నా అదుపు తప్పింది, వద్దన్నా ఎగబీలుస్తున్నది. ఆ క్షణంలో తల నీళ్ళలో ఉంటే పీల్చేది నీళ్ళే. పైకి తేలి చెయ్యి చాచాను. దొరికినదానిని బలంగా పట్టుకున్నాను. అది మెత్తగా సాగింది. పడవ పక్కకు జరిగింది, నేను వెనక్కు పోయాను. ఒడ్డున అంత శ్రద్ధగా విన్నవాణ్ణి, రబ్బరు తాడునే పట్టుకున్నాను! ఆమె నవ్వలేదు. “మళ్ళీ” అన్నది. మూడవసారికి నా చెయ్యి కళ్ళతో పని లేకుండా అంచు తాడును వెదుక్కున్నది.

చన్నీటిలో మొదటి నిమిషం ఊపిరిని చక్కబెట్టుకోవడానికి, తరువాతి పది నిమిషాలు చేతులతో ఏదైనా చేసుకోవడానికి అని ఆమె లెక్క చెప్పింది. ఆ తరువాత వేళ్ళు ముడుచుకోవు. ప్రాణం ఉంటుంది, పట్టు ఉండదు. ఇంగ్లండు దక్షిణ తీరంలో లైమ్ అఖాతం వద్ద 1993 మార్చి 22న కయాక్‌లలో బయలుదేరిన విద్యార్థుల బృందాన్ని గాలి సముద్రంలోకి తోసివేసింది. పడవలలో నీరు నిండింది. సహాయం గంటల తరబడి ఆలస్యమైంది. నలుగురు పిల్లలు చనిపోయారు. ఆ దుర్ఘటన పర్యవసానంగానే 1995లో అటువంటి శిక్షణ కేంద్రాలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతు తగ్గింది. నేను మరేమీ అడగలేదు.

మూడు గంటలకు గాలి మారింది. అంతవరకు సముద్రం మీది నుంచి వస్తున్నది, భూమి మీది నుంచి వీచసాగింది. ఒడ్డున నిలబడి చూస్తే అటువంటి సముద్రం అందంగా, నున్నగా ఉంటుంది. పడవలో ఉన్నవాడికే తెలుస్తుంది, తాను తెడ్డు వేయకపోయినా ఒడ్డు దూరమవుతున్నదని. వెనక్కు మళ్ళమని ఆమె చెయ్యి ఊపింది. అఖాతం నోటి దగ్గర, రాళ్ళను తాకి తిరిగివచ్చే అలలు ఎదురు అలలతో కలిసి గోపురాల్లా లేస్తున్న చోట, మా మేనల్లుడు పడవ తిప్పబోయి పక్కకు వాలాడు. తెడ్డు గాలిలో ఒకసారి మెరిసింది. తరువాత పడవ అడుగు మాత్రమే కనిపించింది.

నేను లెక్కపెట్టలేదు. పెట్టి ఉంటే నాలుగో అయిదో అంకెలు వచ్చి ఉండేవి కాబోలు. వాడి తల పైకి వచ్చింది. పడవకు జానెడు దూరంలో. ఒక చేతిలో తెడ్డు ఉన్నది. రెండవ చెయ్యి పడవ అంచు మీదికి పాకి, తాడు కింద దూరి, గుప్పిట బిగిసింది. అదే సమయానికి గాలి బోర్లాపడ్డ పడవను పట్టుకుని సముద్రం వైపు ఈడ్చింది. తాడు నిక్కి నిలిచింది, పడవతో పాటు వాడూ ఈడ్వబడ్డాడు. ఖాళీ పడవ గాలికి పోయే వేగంతో ఏ ఈతగాడూ ఈదలేడని ఆమె ఉదయం అన్నప్పుడు అతిశయోక్తి అనుకున్నాను.

“వదలకు!” అని తెలుగులో అరిచాను. వాడికి వినబడిందో లేదో.

ఆమె అప్పటికే చేరింది. వాడి పడవ ముందు కొసను అందుకుని తన పడవకు అడ్డంగా పెట్టుకున్నది. “నా పడవ తాడు పట్టుకో. పట్టుకున్నాక నీది వదులు” అన్నది. వాడు అట్లాగే, రెండవ చేతిలోకి తాడు వచ్చిన తరువాతనే మొదటిది విడిచాడు. ఆ కొసను ఆమె తన ఒళ్ళోకి లాగి ఎత్తగానే గుంటలోని నీరంతా భళ్ళున కారిపోయింది. పడవను తిప్పి నిలబెట్టింది, తన పక్కకు జరుపుకున్నది, దాని మీదికి పూర్తిగా వాలి దాని తాడును రెండు చేతులా పట్టుకున్నది. ఆమె పడవ మరో పక్క నుంచి పట్టుకొమ్మని నాకు సైగ చేసింది. నా పని అంతే: ఆమె తాడు పట్టుకుని కదలకుండా ఉండడం. మా మేనల్లుడు ఒక కాలు గుంటలోకి దోపి, పొట్ట మీద పాకి, దొర్లి లోపల కూలబడ్డాడు. అంతా మూడు నిమిషాలలో అయిపోయింది. కాని వాడి కుడిచేతి వేళ్ళు తెడ్డు చుట్టూ విచ్చుకోవడానికి మరికొంత సేపు పట్టింది. తాడు పట్టుకున్న నా వేళ్ళూ అంతే. ఆమె వచ్చి తట్టేవరకు నేను వదిలిపెట్టనేలేదు.

ఒడ్డుకు తెడ్డు వేసుకుంటూ రావడానికి నలభై నిమిషాలు పట్టింది. ఎవరూ మాట్లాడలేదు.

మరునాడు వాడు పడవ బయటికి తీయలేదు. కారులో ద్వీపానికి తూర్పు తీరాన ఉన్న మొయిల్వ్రె గ్రామానికి తీసుకువెళ్ళాడు. అక్కడి చరియల కిందనే 1859 అక్టోబరు 26న ‘రాయల్ చార్టర్’ అనే ఓడ తుపానుకు రాళ్ళ మీద బద్దలైంది. ఆస్ట్రేలియాలో బంగారం సంపాదించుకుని లివర్‌పూల్‌కు తిరిగివస్తున్నవారు. ఇల్లు ఒక్కరోజు దూరం లేదు. సుమారు నాలుగువందల యాభైమంది పోయారు. బతికిన నలభైమందిలో ఆడది గాని, బిడ్డ గాని ఒక్కరూ లేరు. ఆ నలభైమందయినా బతకడానికి కారణం జోసెఫ్ రోజర్స్ అనే మాల్టా నావికుడు. తాడు ఒకటి తీసుకుని ఆ అలలలోకి దూకి ఒడ్డు చేరాడు. ఆ తాడు ఆధారంగా మోకు లాగి, దాని మీదుగా కొందరిని దింపగలిగారు. నడుముల చుట్టూ బంగారం కట్టుకున్నవారు ఆ బరువుకే మునిగారని చెప్పుకుంటారు. ఆ ఏడాది చివర ఛార్లెస్ డికెన్స్ ఇక్కడికి వచ్చి చూసి రాశాడు. ఆ తుపాను తరువాతనే, 1861లో, అడ్మిరల్ ఫిట్జ్‌రాయ్ తీరప్రాంతాలకు తుపాను హెచ్చరికలు పంపే ఏర్పాటు ప్రారంభించాడు. గట్టు మీది స్మారకశిల దగ్గర మేము నిలబడ్డప్పుడు సముద్రం చెరువులా ఉన్నది. రాళ్ళ సందుల్లో ఎవరో పిల్లలు పీతలు పడుతున్నారు.

తిరుగు ప్రయాణానికి పెట్టె సర్దుకుంటుంటే మా మేనల్లుడు పాత తాడు ముక్క ఒకటి తెచ్చి నా చేతికిచ్చాడు, ఆమె బొటనవేలు ఆగిన చోటిది. నేను దానిని భీమునిపట్నం తెచ్చాను.

మా పేటలో ఒకప్పుడు తెప్పలుండేవి. మూడు నాలుగు దుంగలను నార తాడుతో కట్టి సముద్రం మీదికి పోవడం, వచ్చాక కట్టు విప్పి దుంగలను ఇసుకలో ఆరబెట్టడం, మర్నాడు మళ్ళీ కట్టడం. కాబట్టి తాడు ప్రతి పూటా చేతిలోకి వచ్చేది. ఇప్పుడు ఫైబర్ బోట్లు వచ్చాయి; తెప్ప కట్టగలిగినవారు వృద్ధులైనారు. వారిలో ఒకరికి ఆ ముక్క చూపించాను. అది ఎక్కడిదో చెప్పలేదు. ఆయన దానిని వెలుతురుకు పెట్టి చూడలేదు, లాగి చూడలేదు. బొటనవేలితో ఒకసారి రుద్దాడు, ఆగాడు, అదే చోట మళ్ళీ రుద్దాడు.

“ఇదేటి మాస్టారూ, లోన పీచంతా సచ్చిపోనాది” అన్నాడు. “దీన్ని పట్టుకొని ఎవురైనా సంద్రంలోకెల్లారేటి?”

వెళ్ళబోయారని చెప్పాను. ఆయన ఆ ముక్కను నాకు తిరిగి ఇవ్వలేదు. పక్కనే వలలు బాగుచేస్తున్న కుర్రవాడి ముందు పడవేసి, వాడిని కూడా రుద్ది చూడమన్నాడు.